దసరా సెలవుల్లో వియత్నాం, 9 రాత్రులు, ఐదుగురం: ఈ ప్లాన్ నిలబడుతుందా?

#1 కాకినాడ కాజా
అందరికీ నమస్కారం. నలుగురు పెద్దలం, ఎనిమిదేళ్ల పాప. నాన్నగారికి 69, మోకాళ్ల నొప్పి. అమ్మ, నాన్న గుడ్డు కూడా ముట్టరు. అక్టోబరు మధ్యలో హైదరాబాద్ నుంచి బయలుదేరాలని అనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్: హనోయ్ 2 రాత్రులు, హా లాంగ్ ఖాతంలో నౌక మీద 1, డా నాంగ్ 2, హోయ్ ఆన్ 1, హోచిమిన్ సిటీ 1, ఫూ క్వాక్ 2. ఇంకా డబ్బు కట్టలేదు. వీసా మేమే చేసుకుందామని ఉంది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

#2 ఓరుగల్లు బాటసారి
అన్నా, డబ్బులు కట్టకపోవుడే మంచిదైంది. ముందుగాల డా నాంగ్, హోయ్ ఆన్ తీసెయ్యిండ్రి. అక్టోబరు, నవంబరు అంటే మధ్య వియత్నాంకు వరదల కాలం.

మనోళ్లు చేసే తప్పు ఒకటే. వియత్నాం అంటే ఒక్క వాతావరణం అనుకుంటరు. ఆ దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 1,650 కిలోమీటర్లు, నడుమ ఇరుకు జాగల 50 కిలోమీటర్ల వెడల్పే. అండ్ల మూడు వేర్వేరు కాలాలు నడుస్తయి. మనకు నైరుతి రుతుపవనాలు పోయినంక ఈశాన్య గాలి నెల్లూరు, తమిళనాడు తీరాన్ని తడిపినట్టే, అక్కడ ఆ గాలి సముద్రం మీదికెళ్లి వచ్చి ట్రూంగ్ సన్ కొండలకు కొట్టుకొని హ్వే, డా నాంగ్, హోయ్ ఆన్ మీద కుమ్మరిస్తది. హోయ్ ఆన్ పాతబస్తీ థూ బోన్ నది ఒడ్డుకే ఉంటది, నీళ్లు సక్కగ వీధులల్లకు వస్తయి. 2025 అక్టోబరు ఆఖర్ల హ్వే, హోయ్ ఆన్ రెండూ మునిగినయి. హోటల్ వాళ్లు కింది అంతస్తు సామాన్లు పైకి ఎక్కించుకునుడు అక్కడ ఏటేటా ఉండేదే.

మన బడి సెలవులతోని లెక్క పెట్టుకుంటే మస్తు సులువు:
దసరాకు పోతే ఉత్తరం (హనోయ్, నిన్ బిన్, హా లాంగ్).
సంక్రాంతికి పోతే దక్షిణం, ఫూ క్వాక్.
ఎండాకాలం సెలవులకు పోతే మధ్య వియత్నాం (డా నాంగ్, హోయ్ ఆన్, హ్వే).
మూడూ ఒక్క ట్రిప్పుల కావాలంటే ఏదో ఒకటి తడుస్తది.

#3 సీటు నంబర్ 47
వాతావరణం పక్కన పెట్టినా ఆ ప్లాన్ నిలబడదండి. 9 రాత్రుల్లో 6 చోట్ల పడక, 3 దేశీయ విమానాలు. హనోయ్ నుంచి డా నాంగ్ గాల్లో గంటా ఇరవై నిమిషాలే. కానీ హోటల్ ఖాళీ చేయడం, నోయ్ బాయ్ విమానాశ్రయానికి 45 నిమిషాలు, రెండు గంటల ముందు చెకిన్, ఆలస్యం, అటు సామాను, మళ్లీ క్యాబ్ కలిపితే గడప నుంచి గడపకు ఐదారు గంటలు. మూడు విమానాలంటే మూడు పగళ్లు పోయినట్టే.

దానిమీద సామాను తంటా. హైదరాబాద్ టికెట్‌లో 20 కిలోలు ఉన్నా, విడిగా కొన్న దేశీయ చౌక టికెట్‌లో ఉండేది చేతిసంచి 7 కిలోలే. గేటు దగ్గర తూకం వేస్తారు. అక్కడ కట్టే రేటు ముందుగా ఆన్‌లైన్లో కొన్నదానికంటే బాగా ఎక్కువ. ప్యాకేజీ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "దేశీయ విమానాల్లో మనిషికి ఎన్ని కిలోల చెకిన్ సామాను కలిపారు?" సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.

#4 కాకినాడ కాజా
సెలవులకు ముడిపెట్టి చెప్పడం భలే ఉంది, ఓరుగల్లు అన్నా. కానీ రెండు చిక్కులు. ఒకటి, పాపకు సముద్రం కావాలి. రెండు, అమ్మకు మీ సన్ శివాలయాలు చూడాలని ఉంది, అది హోయ్ ఆన్ దగ్గరే కదా. కనీసం ఫూ క్వాక్ అయినా ఉంచుకోవచ్చా? అక్కడికి వీసా కూడా అక్కర్లేదని విన్నాను.

#5 సీటు నంబర్ 47
ఫూ క్వాక్ వీసా సంగతి సగమే నిజం. వేరే దేశం నుంచి నేరుగా ఆ ద్వీపంలో దిగి, 30 రోజుల్లోపు అక్కడి నుంచే దేశం దాటి వెళ్లిపోయేవాళ్లకు వీసా అక్కర్లేదు. హనోయ్, హోచిమిన్ సిటీ కూడా చూడాలంటే ఆ మినహాయింపు మీకు వర్తించదు, వీసా కావాల్సిందే. చాలామంది ఇది సగం చదువుకుని హైదరాబాద్ చెకిన్ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు. వీసా కాగితం లేకపోతే విమానసంస్థ బోర్డింగ్ పాస్ ఇవ్వదు.

కాలం సంగతికొస్తే, ఫూ క్వాక్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. అక్టోబరులో పడమటి గాలి ఇంకా పూర్తిగా వదలదు. పడమటి తీరంలో అలలు, చెత్త కొట్టుకొస్తాయి, పడవ టూర్లు రద్దవుతుంటాయి. పాపకు నీళ్లు కావాలంటే ఉత్తరాన హా లాంగ్ పక్కనే ఉన్న లాన్ హా ఖాతంలో నౌక మీదనుంచి కయాకింగ్, ఈత రెండూ ఉంటాయి. దానిగురించి అక్కడే ఉండే "హనోయ్‌లో మనోడు" చెప్పాలి.

#6 చరిత్ర పురుగు
మీ సన్ మీద నా మాట. వాన రోజుల్లో వెళ్లి చూడాల్సిన చోటు కాదది. లోయలో ఉంటుంది, ఇటుక మెట్లు, మట్టి దారి, జారుతుంది. హోయ్ ఆన్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, డా నాంగ్ నుంచి 70 దాకా. వేసవి సెలవుల్లో అయితే ఉదయం ఏడింటికల్లా లోపల ఉండాలి. తొమ్మిది దాటితే బస్సుల జనం, ఎండ.

అమ్మగారికి చెప్పండి: అది పాతకాలపు చంపా రాజ్యం రాజుల శైవక్షేత్రం. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు అక్కడ శివుణ్ణి తన పేరు కలిపి భద్రేశ్వరుడిగా ప్రతిష్ఠించాడు. సంస్కృత శాసనాలున్నాయి. గుళ్లు ఎర్ర ఇటుకతో కట్టారు, ఇటుకల మధ్య సున్నం గీత కంటికి కనబడదు. 1969లో అమెరికా బాంబుదాడిలో అన్నిటికంటే పెద్దదైన ఎ1 గోపురం కూలింది. తర్వాత ఎ, హెచ్, కె వరసల గుళ్ల పరిరక్షణ మన భారత పురావస్తు శాఖ చేసింది. ఆ పనిలోనే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా ఇసుకరాతి శివలింగం బయటపడింది. 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

ఈసారికి హనోయ్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో చంపా శిల్పాలున్నాయి, అమ్మగారికి అవి చూపించండి. మీ సన్, డా నాంగ్ చామ్ శిల్ప మ్యూజియం, హ్వే నుంచి డా నాంగ్ రైలు... ఇవన్నీ కలిపి ఒక వేసవి ట్రిప్పుకు దాచుకోండి. ఆ రైలు హాయ్ వాన్ కనుమ కింద సముద్రాన్ని ఆనుకుని వెళ్తుంది. హ్వే నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు సముద్రం ఎడమ చేతివైపు ఉంటుంది, సీటు అటే తీసుకోవాలి. ఎదురు దిక్కులో వెళ్తే కుడివైపు. టికెట్ కొనేటప్పుడు జనం ఇదే మరిచిపోతారు.

#7 హనోయ్‌లో మనోడు
దసరాకు ఉత్తరం అన్నది సరైన సలహా. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా హనోయ్‌లో ఏడాది మొత్తంలో మంచి కాలం. ఉక్క తగ్గి, చలి ఇంకా మొదలవ్వని రోజులు. తుపానుల ముప్పు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ, అక్టోబరులో తగ్గుతుంది గానీ సున్నా కాదు. 2024 సెప్టెంబరులో వచ్చిన యాగి తుపాను హా లాంగ్‌ను ఎలా చేసిందో వార్తల్లో చూసే ఉంటారు.

అందుకని నౌక రోజును ప్రయాణం చివర్లో పెట్టొద్దు. గాలి హెచ్చరిక వస్తే రేవు అధికారులు పడవలన్నీ ఆపేస్తారు, నౌక యజమాని చేతిలో ఏమీ ఉండదు. మధ్యలో పెట్టుకుంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపొచ్చు. నా వరస ఇదీ (8 రాత్రులు, ఒకటి చేతిలో):

హనోయ్ 3
హా లాంగ్ లేదా లాన్ హా నౌక 1
నిన్ బిన్ 2
హనోయ్ 2

నౌక దిగాక హనోయ్ రాకుండా రేవు నుంచే నిన్ బిన్ వెళ్లే వ్యాన్లున్నాయి, మూడున్నర నుంచి నాలుగు గంటలు. హనోయ్ వచ్చి మళ్లీ వెళ్తే దారిలోనే పొద్దుపోతుంది. నిన్ బిన్ నుంచి హనోయ్ సుమారు 95 కిలోమీటర్లు, రెండు గంటలు.

ఉత్తరాన కొండల్లోని సాపా గురించి అడుగుతారని ముందే చెప్తున్నా: వద్దు. ఆరు గంటల ప్రయాణం, రాత్రి స్లీపర్ బస్సుల్లో పైబెర్తుకు నిచ్చెన ఎక్కాలి, కాళ్లు పూర్తిగా చాపుకోలేం, నాన్నగారి మోకాళ్లకు శిక్ష. పైగా అక్టోబరు మధ్యకు మెట్టుచేల వరి కోత అయిపోయి మోడులే మిగులుతాయి.

నౌక ఎంచుకునేటప్పుడు ఫొటోలు కాదు, ఈ నాలుగు అడగండి. ఒకటి, ఏ రేవు నుంచి బయలుదేరుతుంది, ఏ ఖాతంలో తిరుగుతుంది. హా లాంగ్ నడిమధ్యన పడవల రద్దీ ఎక్కువ. కాట్ బా ద్వీపం పక్కనున్న లాన్ హా కొండలు అవే, జనం తక్కువ. రెండు, గది ఏ డెక్ మీద, భోజనాల గదికి ఎన్ని మెట్లు. కింది డెక్‌లో ఇంజిను మోత, పైడెక్‌కు మెట్లు, కాబట్టి పెద్దవాళ్లకు నడిమి డెక్. మూడు, రేవు నుంచి నౌకకు చిన్న పడవలో తీసుకెళ్తే ఎక్కేచోట చేయి పట్టుకునే కమ్మీ ఉందా. నాలుగు, వాతావరణం వల్ల రద్దయితే మొత్తం డబ్బు వాపసా, వేరే తేదీయా, సగమేనా. మధ్యరకం నౌకలు మనిషికి 120 నుంచి 180 డాలర్ల మధ్య ఉంటాయి. మరీ చౌకవాటి జోలికి ఈ కుటుంబంతో వెళ్లొద్దు.

టూర్‌లో కలిపే సుంగ్ సోట్ గుహకు, టిటాప్ ద్వీపం కొండకు వందల మెట్లున్నాయి. నాన్నగారిని డెక్ మీద కుర్చీలో కూర్చోబెట్టి మిగతావాళ్లు వెళ్లిరండి. ఎవరూ బలవంతం చేయరు.

#8 పప్పుచారు
తిండి గురించి ఎవరూ ఎత్తలేదు, అమ్మానాన్నలకు అసలు పరీక్ష అక్కడే.

అక్కడ చాయ్ అని రాసి ఉంటే టీ అనుకోకండి. వియత్నామీస్‌లో చాయ్ అంటే శాకాహారం. బౌద్ధుల మూలంగా ప్రతి ఊళ్లోనూ చాయ్ భోజనశాలలు ఉంటాయి. చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో, అంటే మన అమావాస్య, పున్నమి రోజుల్లో, మామూలు జనం కూడా చాయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో ఎక్కడైనా సులువు. ఈ చోట్ల కనిపించే "చేప", "పంది" ముక్కలన్నీ సోయా, పుట్టగొడుగులు, గోధుమ పిండితో చేసినవే. చూసి కంగారుపడొద్దని అమ్మగారికి ముందే చెప్పండి.

మామూలు హోటల్లో "కూరగాయలు మాత్రమే" అంటే చాలదు. మూడు దొంగలుంటాయి. మొదటిది నూక్ మామ్, చేప సాస్, మనం ఉప్పు వేసినట్టు వేస్తారు. రెండోది ఎముకల రసం. ఫో అనే నూడుల్స్ సూప్ దానిమీదే నడిచే వంట, పైన టోఫూ పెట్టినంత మాత్రాన శాకాహారం కాదు. మూడోది ఎవరికీ తట్టనిది: వేపుళ్లలో చల్లే రుచిపొడి, అది పంది ఎముకో కోడో కలిపిన గుళికలు. పాలకూర వెల్లుల్లి వేపుడులో కూడా పడుతుంది. అందుకని ట్రాన్స్‌లేట్ యాప్‌లో ఈ వాక్యం వియత్నామీస్‌లోకి మార్చి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి: "మేం చాయ్ తింటాం. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేప సాస్, ఎముకల రసం, రుచిపొడి ఏవీ వద్దు. ఉప్పు, సోయా సాస్ చాలు." ముందు ఇక్కడే మళ్లీ తెలుగులోకి తిప్పి చూసుకోండి, అర్థం మారితే తెలుస్తుంది.

తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది, "కమ్ చాంగ్" అనాలి. కాస్త జిగురుగా ఉంటుంది, పొడిపొడిగా రాదు. పెరుగు కప్పులు చాలావరకు తీపివే. చక్కెర లేని రకం సూపర్‌మార్కెట్లో ఉంటుంది, పెట్టె మీది అక్షరాలను కెమెరాతో అనువాదం చేసి చూసుకుని కొనండి, లేకపోతే పెరుగన్నం పాయసం అవుతుంది. హనోయ్ గుడ్డు కాఫీ పేరుకు తగ్గట్టే పచ్చసొన నురగ, పెద్దవాళ్లకు చెప్పకుండా ఇప్పించొద్దు.

ఇంటి నుంచి: కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, రవ్వ ఉప్మా మిక్సు, అటుకులు. పచ్చడి నూనెతో ఉంటుంది కాబట్టి చేతిసంచిలో 100 మి.లీ. దాటితే తీసేస్తారు. రెండు పొరల కవరు చుట్టి చెకిన్ సామానులో వేయండి. గదుల్లో కెటిల్ ఉంటుంది, ఉప్మా మిక్సుకు అది చాలు. రైస్ కుక్కర్ గదిలో పెట్టనివ్వరు. నౌక వాళ్లకు శాకాహారం సంగతి బుకింగ్‌లోనే రాసి, రెండు రోజుల ముందు మళ్లీ గుర్తుచేయాలి. సముద్రం మధ్యలో చాయ్ భోజనశాల ఉండదు.

#9 కాకినాడ కాజా
రుచిపొడి సంగతి అసలు తెలియదండీ, థాంక్స్. సరే, ఉత్తరమే ఖాయం. ఇప్పుడు వీసా. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరు గివెన్ నేమ్‌లోనే కలిసి ఉంది. నాన్నగారిది మామూలుగానే ఉంది. ఇది గొడవ అవుతుందా?

#10 సీటు నంబర్ 47
మన తెలుగువాళ్లకు ఈ-వీసాలో వచ్చే చిక్కుల్లో సగం ఇదే. వరసగా చెప్తా.

2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల దాకా ఈ-వీసా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకు 50. మీరు మధ్యలో కంబోడియా పోవట్లేదు, 25దే చాలు. పాపకు కూడా విడిగా కావాలి. ప్రభుత్వ సైటు చిరునామా గవ్ డాట్ వీఎన్‌తో ముగుస్తుంది. వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో అచ్చం అలాగే ఉన్న ప్రైవేటు సైట్లు రెండింతలు, మూడింతలు గుంజుతాయి.

పేరు: పాస్‌పోర్టు అడుగున బాణం గుర్తులతో రెండు మెషీన్ వరుసలుంటాయి చూడండి. అందులో ఏ అక్షరాలు, ఏ క్రమంలో ఉన్నాయో అవే. సర్‌నేమ్ ఖాళీ ఉంటే మీ అంతట మీరు ఇంటిపేరును విడదీసి ఆ గడిలో పెట్టొద్దు. విమాన టికెట్‌కు మాత్రం సర్‌నేమ్ తప్పనిసరి గడి, ఒక్కో సంస్థ ఒక్కోలా నింపమంటుంది. కొనకముందే వాళ్లనే అడగండి. అక్షరం పోవడం, ఇనీషియల్ వేయడం, రెండు పేర్లు కలిపేయడం... ఇవే ప్రమాదం.

తేదీ: రోజు, నెల, సంవత్సరం క్రమం. అర్ధరాత్రి దాటాక విమానమైతే దిగే తేదీ చూసుకుని రాయాలి, టికెట్ బుక్ చేసిన రోజు కాదు. వీసా మొదలయ్యే తేదీకి ఒక్క రోజు ముందు దిగినా రానివ్వరు. ఒక రోజు ముందు నుంచి వేసుకుంటే నష్టమేమీ లేదు.

ఫొటోలు: మీది తెల్ల నేపథ్యం, కళ్లజోడు లేకుండా. పాస్‌పోర్టు పేజీ నాలుగు మూలలూ, ఆ రెండు వరుసలూ పూర్తిగా కనబడాలి. లామినేషన్ మీద ట్యూబులైటు మెరుపు పడితే తిప్పి పంపుతారు. పగటి వెలుగులో కిటికీ పక్కన పెట్టి తీయండి.

డబ్బు కట్టాక దిద్దడం ఉండదు. తప్పు కనిపిస్తే కొత్త దరఖాస్తు, మళ్లీ 25 డాలర్లు. మూడు పనిదినాలంటారు గానీ శని, ఆదివారాలు, వాళ్ల సెలవులు లెక్కలోకి రావు. మూడు వారాల ముందు వేయండి. వచ్చాక ఒక్కో అక్షరం పాస్‌పోర్టుతో సరిపోల్చి, మనిషికి రెండు కాగితాలు ముద్రించుకోండి. ప్రవేశ ద్వారంగా ఎంచుకున్న విమానాశ్రయంలోనే దిగండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, నాన్నగారిది ఇప్పుడే చూడండి.

ఇంకో మాట: 2025లో హైదరాబాద్ నుంచి నేరు విమానాలు మొదలయ్యాయి గానీ ప్రతి రోజూ ఉండవు. ముందు ఆ రోజులు చూసుకుని, తర్వాత సెలవు పెట్టండి. కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా చవగ్గా కనబడేవాటిలో రెండు వేర్వేరు టికెట్లు అతికించినవి ఉంటాయి. అప్పుడు మధ్యలో ఆ దేశంలోకి ప్రవేశించి, సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు సంబంధం లేదు. ఒకే పీఎన్‌ఆర్ ఉన్నది తీసుకోండి.

ప్యాకేజీ అయితే ట్రావెల్స్ వాళ్లు టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అది పోయినట్టు కాదు, మీ పాన్ సరిగ్గా ఇస్తే మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనబడుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు.

#11 ఓరుగల్లు బాటసారి
పైసల ముచ్చట. రూపాయికి సుమారు 300 డాంగ్. సులువు లెక్క: మూడు సున్నాలు కొట్టేసి 3.3తోని గుణించుండ్రి. 100,000 డాంగ్ అంటే 330 రూపాయలు. మెనూల 60 అని ఉంటే 60,000 అని.

500,000 నోటు, 20,000 నోటు రెండూ నీలమే. చీకట్ల క్యాబ్ దిగుతుంటే పదహారు వందల రూపాయల నోటు అరవై రూపాయలదనుకొని ఇచ్చేస్తరు. పర్సుల రెండిటికీ వేరే అరలు పెట్టుండ్రి. ఇక్కడ నుంచి డాలర్లు పట్టుకపోయి అక్కడ మార్చుండ్రి, రూపాయలు అక్కడ చెల్లవు. 100 డాలర్ల నోటు కొత్తగ, మడత లేకుండ, గీత లేకుండ ఉండాలె. చిన్న చింపు ఉన్నా తీసుకోరు, చిన్న నోట్లకు రేటు తక్కువ ఇస్తరు. ఫోన్ పే, గూగుల్ పే మీద భరోసా పెట్టుకోవద్దు.

అక్కడ క్యాబ్ పిలిచే గ్రాబ్ యాప్ ఇక్కడే, మన నంబర్ మీద ఓటీపీతోని తయారు చేసుకోండ్రి. అక్కడ దిగినంక వాళ్ల సిమ్ వేస్తే ఓటీపీ పాత నంబర్‌కు వస్తది, అప్పుడు లొల్లి. ఐదుగురు, నాలుగు పెట్టెలు అంటే ఏడు సీట్ల బండే ఎంచుకోవాలె. విమానాశ్రయం నుంచి పాతబస్తీకి 27 కిలోమీటర్ల దాకా. 86 నంబర్ బస్సు మనిషికి 45,000 డాంగ్ తీసుకుంటది గని పెద్దోళ్లతోని, పెట్టెలతోని క్యాబే నయం.

స్కూటీ కిరాయికి మాత్రం తీసుకోవద్దు. మన దేశం ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 జెనీవా ఒప్పందం కిందిది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందంది. షాపోడు అడగడు, బండి ఇచ్చేస్తడు. యాక్సిడెంట్ అయితే లైసెన్సు చెల్లలేదని బీమా కంపెనీ పైస ఇయ్యదు.

#12 హనోయ్‌లో మనోడు
రోడ్డు దాటడం గురించి పెద్దవాళ్లకు ముందే చెప్పండి. ఆగి ఆగి, వెనక్కి అడుగేసి, పరిగెత్తితేనే ప్రమాదం. ఒకే వేగంతో, చిన్న అడుగులతో, బళ్ల వైపు చూస్తూ నడిస్తే స్కూటర్లు పక్కనుంచి వెళ్లిపోతాయి. కారు, బస్సు మాత్రం తప్పుకోవు, వాటికి ఆగాలి. పాప మధ్యలో, నాన్నగారు బళ్లు వచ్చే దిక్కుకు అవతలి పక్కన.

పాతబస్తీ హోటళ్లు ఇరుకు గొట్టాల్లాంటి ఇళ్లు, ముందు వెడల్పు మూడు నాలుగు మీటర్లే, ఐదారు అంతస్తులు. బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు: లిఫ్టు ఉందా, అది కింది అంతస్తు నుంచే మొదలవుతుందా, గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉందా. చవక గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు.

నిన్ బిన్‌లో పడవకు ట్రాంగ్ ఆన్ తీసుకోండి, 2014 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు. పడవకు నలుగురు, రెండున్నర నుంచి మూడు గంటలు, గుహల్లో తల వంచాలి. మధ్యలో దిగే చోట్లు తక్కువే, కాబట్టి ఎక్కేముందే బాత్‌రూమ్ పని కానిచ్చుకోవాలి. టికెట్ దగ్గర మూడు దారులుంటాయి, గుహలు తక్కువున్న దారి అడగండి, నాన్నగారి నడుముకు మంచిది. టామ్ కోక్‌లో పడవకు ఇద్దరే, సమయం తక్కువ, పడవవాళ్లు కాళ్లతో తెడ్డు వేస్తారు. పాపకు అది చూపించాలంటే చిన్న ప్రయాణంగా రెండో రోజు పెట్టుకోండి. మువా గుహ కొండకు 500 దాకా ఎత్తు మెట్లు, పెద్దవాళ్లు కింద తామర చెరువు దగ్గర ఉండొచ్చు. పదో శతాబ్దపు రాజధాని హువా లూ మాత్రం చదునైన నేల, వాళ్లకు హాయిగా ఉంటుంది.

ప్లగ్గులు: 220 వోల్టులే, మన రెండు పుల్లల చార్జర్ పడుతుంది. మూడు పుల్లలది పట్టదు. ఈ-సిగరెట్లు 2025 నుంచి నిషేధం, ఎవరి దగ్గరైనా ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

#13 పప్పుచారు
నాన్నగారి మందులకు డాక్టరు చీటీ, మందు అసలు పేరుతో, చేతిసంచిలోనే. రెండు రోజుల మోతాదు అదనంగా. నౌక రద్దయి రోజులు జరిగితే అక్కరకొస్తుంది. బీమా బయలుదేరకముందే తీసుకోవాలి, మోకాళ్లు, బీపీ, షుగరు ఏదున్నా దాచకుండా రాయాలి. దాచి తీసుకున్న బీమా చివరికి పనికిరాదు. డెంగీ దోమలు పగలే కుడతాయి, సాయంత్రం ఒక్కటే పూసుకుంటే చాలదు.

#14 కాకినాడ కాజా
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు ఇలా మార్చాను, దొరికిన నేరు విమానం రోజులనుబట్టి:

గురువారం ఉదయం హనోయ్‌లో దిగడం. గురు, శుక్ర, శని రాత్రులు హనోయ్. శుక్రవారం ఉదయం హోచిమిన్ సమాధి, సాహిత్య దేవాలయం. శనివారం మ్యూజియం, సాయంత్రం నీటి బొమ్మలాట. ఆదివారం నౌక. సోమ, మంగళ నిన్ బిన్. బుధవారం హనోయ్ వచ్చి బుధ, గురు రాత్రులు. శుక్రవారం తిరుగు ప్రయాణం. ఎనిమిది రాత్రులు సరిపోయాయి. హోటల్ హోన్ కియెమ్ సరస్సు పక్కనే చూశాను.

#15 హనోయ్‌లో మనోడు
మూడు సవరణలు. హోచిమిన్ సమాధి సోమ, శుక్రవారాలు మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో కూడా ఉదయం పూటే, మరమ్మతులకు వారాల తరబడి మూసే రోజులూ ఉంటాయి, కాబట్టి వెళ్లేముందు చూసుకోండి. దాన్ని శనివారం ఉదయానికి మార్చి, శుక్రవారం సాహిత్య దేవాలయం ఒక్కటే ఉంచండి. 1070లో కట్టింది, నెమ్మదిగా చూడాల్సిన చోటు. సమాధిలోకి మోకాళ్లు కనబడే నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలతో రానివ్వరు. పాప బట్టలు కూడా చూసుకోండి.

గురువారం ఉదయం దిగితే గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. పెద్దవాళ్లను లాబీలో కూర్చోబెట్టకుండా, ముందు రాత్రికే గది తీసుకోవడమో, త్వరగా చెకిన్‌కు డబ్బు కట్టి రాతలో తీసుకోవడమో చేయండి. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు, నిద్ర ఎలాగూ చాలదు.

మూడోది హోటల్. సరస్సు చుట్టూ వీధులు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా నడకవీధులు, బండి రానివ్వరు. మీ నౌక వ్యాన్ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి అడ్డుకమ్మీ అవతలే ఆగిపోతుంది. నాన్నగారు, నాలుగు పెట్టెలు, అర కిలోమీటరు నడక. మొదటి మూడు రాత్రులకు ఆ గీత బయట, పాతబస్తీ పడమటి అంచున తీసుకోండి. చివరి రెండు రాత్రులు బుధ, గురువారాలు కాబట్టి అప్పుడు సరస్సు పక్క హోటల్‌కు ఇబ్బంది లేదు. నౌకకు వెళ్లేముందే పెద్ద పెట్టెలు రెండు ఆ సరస్సు పక్క హోటల్లో దించేసి రసీదు తీసుకోండి. నౌకకు, నిన్ బిన్‌కు కలిపి మనిషికో చిన్న సంచి చాలు.

#16 కాకినాడ కాజా
శుక్రవారం సమాధి సంగతి ట్రావెల్స్ వాళ్ల ప్లాన్‌లోనూ అలాగే ఉంది! మార్చేశాను. నాన్నగారి పాస్‌పోర్టు చూశాను, గడువు ఫిబ్రవరితో అయిపోతుంది.

#17 సీటు నంబర్ 47
అక్టోబరు మధ్యకు నాలుగు నెలలే మిగులుతుంది, చాలదు. వీసా ఆపేసి రేపే పాస్‌పోర్టు రీఇష్యూకు స్లాట్ తీసుకోండి. కొత్త నంబర్ వచ్చాకే ఆయన ఈ-వీసా వేయాలి, పాత నంబర్ మీద వేసినది చెల్లదు. విమాన టికెట్‌లో పాస్‌పోర్టు నంబర్ తర్వాత మార్చుకోవచ్చు, పేరు ఒక్కటి మారకుండా చూడండి.